ముఖం కడిగిన గీత

సిద్దిరాములు మేస్త్రీకి ఒక పట్టింపు ఉంది. బాత్రూంలో బేసిన్ వెనుక గోడకు టైల్స్ ఎంత ఎత్తు వేయాలో ఇంటివాళ్లు చెబితే వినడు, ఇంజనీరు కాగితం మీద గీసిచ్చినా వినడు. ముందు టైల్స్ లేని, ఉత్త సిమెంటు గిలాబు గోడకే బేసిన్ బిగించి, కుళాయికి నీళ్లు వదిలిస్తాడు. తర్వాత ఇంట్లో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ముఖం కడుక్కోమంటాడు. తడి గోడ మీద ఎక్కడిదాకా ఎగిసిందో చూసి, అది ఆరిపోయేలోపు పెన్సిల్‌తో గీత గీస్తాడు. అన్ని గీతల్లోకీ పైనున్న దానికి ఇంకో నాలుగు వేళ్లు కలిపి, అక్కడిదాకా టైల్స్ వేస్తాడు.

ఎప్పుడో కొంపల్లిలో ఒక విల్లావాళ్లు అందంగా ఉంటుందని పట్టుబట్టితే, బేసిన్ వెనుక జానెడు పట్టీ మాత్రం వేసి వచ్చాడట. ఆరు నెలలు తిరక్కముందే ఆ గోడ ఉబ్బి పొక్కులు లేచింది. పిలిపించి మరీ నలుగురి ముందు నానా మాటలన్నారు. అప్పటినుంచి ఆయనకు మనుషుల మాట మీద నమ్మకం పోయి, వాళ్లు ముఖం కడిగే తీరు మీదే నమ్మకం మిగిలింది. వినడానికి చాదస్తమే. కానీ ఆయన వేసిన గోడ ఉబ్బిందన్నవాళ్లు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒక్కరు లేరు కాబట్టి, ఆ చాదస్తాన్ని అందరూ ఓర్చుకుంటారు.

ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఎలీషమ్మ ఇంకో మేస్త్రీని చూసుకునేది.

ఎలీషమ్మ కొంపల్లిలో ఒక బడిలో ఆయమ్మ. ఇంకా యాభై నిండలేదు. దేవరయాంజాల్ దాటి లోపలికి పోతే వచ్చే కొత్త ప్లాట్లలో, అరవై గజాల జాగాలో ఆమెది రెండు గదుల ఇల్లు. మొదలుపెట్టింది భర్త ఏలియా. గోడలు కిటికీల ఎత్తుకు లేచేసరికి, పోయిన వానాకాలంలో, కోళ్ల దాణా మిల్లులో పని చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలబడి చనిపోయాడు. పిల్లలు లేరు. మిగతా గోడలూ పైకప్పూ ఎలీషమ్మే తిప్పలు పడి లేపింది. సంక్రాంతి పోయిన తర్వాత పేట్ బషీరాబాద్‌లోని కిరాయి ఇల్లు వదిలి, సున్నం కూడా వేయని ఈ ఇంట్లోకి ఒక మంచం, ఒక పొయ్యి, ఒక బైబిలు తెచ్చుకుని చేరింది.

చేరిన రోజే రెండిళ్ల అవతలి సిద్దమ్మ వచ్చి ఇల్లంతా తిరిగి చూసి, పోతూ పోతూ గడపలో ఆగింది. "ఒక్కదాన్నే ఉంటున్నని ఎవ్వలకు చెప్పకు పిల్లా. పనోళ్లు వస్తరు, పోతరు. మొగోడు డ్యూటీకి వోయిండని చెప్పు. ఆయన చెప్పులు గుమ్మం కాడ పెట్టు," అంది.

ఎలీషమ్మ అలాగే చేసింది. కరెంటు పనివాడికి, నల్లాల పనివాడికి, తలుపులు బిగించిన వడ్రంగికి, అందరికీ ఒకటే మాట చెప్పింది, సారు డ్యూటీకి పోయిండని. వాళ్లు ఊ అని తమ పని తాము చేసుకుని పోయారు. అబద్ధమాడినందుకు ఆదివారం చర్చిలో మోకరించి మన్నించమని అడిగేది, సోమవారం మళ్లీ ఆడేది. ఉన్నమాట చెప్పాలంటే, ఆ అబద్ధం ఆమెకు తీపెక్కింది. ఆ మాట అన్నంతసేపు ఏలియా డ్యూటీలోనే ఉండేవాడు.

ఇప్పుడు వేసవి సెలవులు. బడి లేదు కాబట్టి టైల్స్ పని పెట్టుకుంది. టైల్స్ కొనే అవసరం రాలేదు. పోయే ముందు నెల ఏలియాయే మేడ్చల్‌లో కొని, ఆటోలో వేసుకుని తెచ్చాడు. లేత నీలం రంగు, అడుగు ఎత్తువి. సిద్దిరాములు మూడు రోజుల్లో బాత్రూం నేల, స్నానం చేసే వైపు గోడలు ముగించాడు. నాలుగో రోజు పొద్దున్నే బేసిన్ బిగించి కేక వేశాడు.

"అమ్మా, ఇగ రా. మొఖం కడుగు."

"పొద్దుగాల్నే కడుక్కున్న గదన్నా."

"మల్ల కడుగు. రోజు ఎట్ల కడుగుతవో అట్లనే కడుగు. నేనున్ననని సిగ్గుపడకు."

ఎలీషమ్మ కొంగు నడుముకు చుట్టి, కుళాయిని దారమంత తిప్పి, తల బేసిన్‌లోకి వంచి, దోసిట్లో పట్టిన కాసిని నీళ్లను చెంపలకు అద్దుకుంది. కుళాయి కట్టేసి కొంగుతో తుడుచుకుంది. గోడ మీద అంచు దగ్గర రెండు చుక్కలు పడ్డాయి. సిద్దిరాములు పెన్సిల్ పట్టుకుని వంగి చూసి, వెతుక్కుని వెతుక్కుని ఒక గీత గీశాడు.

"గిదేం కడుగుడమ్మా? కండ్లల్ల మందేసుకున్నట్టున్నది. నీకైతే ఒక్క వరుస గూడ ఎక్కువనే. సరే, సారును పిలువు."

"సారు డ్యూటీకి వోయిండన్నా."

"ఎప్పుడొస్తడు?"

ఇంతమంది పనివాళ్లలో ఈ మాట అడిగినవాడు లేడు. ఎలీషమ్మ తడబడింది. "పొద్దుగూకంగ వస్తడు," అంది.

"అయితే మంచిగైంది. ఆడోళ్లు కడిగితే గోడకు ఎరుకనే కాదు. గోడ పాడయ్యేదంత మొగోళ్లతోని. సారు వచ్చి మొఖం కడిగేదాక నేను గీ గోడ ముట్ట. అందాక ముంగట వాకిట్ల బండలు పరుస్త."

తాపీ, మట్టం తీసుకుని బయటికి పోయాడు. ఎలీషమ్మ ఆ గోడ ముందు నిలబడిపోయింది. ఏ ముఖాన్ని ఎక్కడినుంచి తేవాలో ఆమెకు తోచలేదు.

మగవాళ్లతో గోడలు పాడవుతాయని ఆమెకొకరు చెప్పాలా! ఇరవై ఆరేళ్లు ఆ గొడవతోనే కాపురం చేసింది. మిల్లు నుంచి వచ్చేసరికి ఏలియా కనుబొమ్మల్లో, మీసాల్లో, చెవుల్లో మక్కల పిండి దుమ్ము. వస్తూనే చొక్కా విప్పి బేసిన్ ముందు నిలబడి, కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్లు ముఖానికి పెట్టి కొట్టుకునేవాడు. కడుక్కోవడం కాదు అది. చప్పుడు వీధిలోకి వినబడేది. కిరాయి ఇంటి గోడకు రంగు లేచి, పెచ్చులు ఊడి, ఇంటి ఓనరమ్మ నెలకోసారి వచ్చి చూసి మూతి విరిచి పోయేది. ఆమె పోయిన వెంటనే ఎలీషమ్మ అందుకునేది. మొఖం కడుగుతున్నవా, గోడకు స్నానం పోస్తున్నవా అని. ఏలియా నవ్వేవాడు. "మన ఇల్లు కానీ. అండ్ల బేసిన్ గోడకు మూడు వరుసల టైల్స్ ఏపిస్త. అప్పుడు సూస్త, నువ్వెట్ల తిడ్తవో," అనేవాడు.

ఒకరోజు ఓనరమ్మ ఎలీషమ్మను వాకిట్లో నలుగురిలో నిలబెట్టి గోడ సంగతి అడిగింది. ఆ మంటంతా తీసుకొచ్చి ఎలీషమ్మ మొగుడి మీద కుమ్మరించింది. "కిరాయి ఇంట్ల ఉండే మొఖానికి గిన్ని నీళ్లెందుకయ్యా?" అంది.

ఆ రోజు ఏలియా నవ్వలేదు. మర్నాటినుంచి కుళాయి సన్నగా తిప్పేవాడు. పట్టేసిన నడుమును కష్టపడి వంచి, ఎడమచేత్తో తువ్వాలును గోడకు అదిమి పట్టుకుని, కుడిచేత్తో ముఖం తడుపుకునేవాడు. చప్పుడు లేదు. నెల రోజులు అలా కడుక్కున్నాడు. ఆ నెలలోనే టైల్స్ తెచ్చాడు. "గోడలే లేవు, టైల్సెందుకు?" అని దానికీ ఒక మాట అంది. ఇంకో నెల తిరక్కుండా పోయాడు. చప్పుడు చేసుకో అయ్యా, పోతే గోడ పోయింది అని ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. అనాలనుకుంది కూడా. ఆదివారం అందామనుకుంది. అన్నీ ఆదివారానికి వాయిదా వేసే అలవాటు ఆమెకు.

మధ్యాహ్నం సిద్దిరాములు గోడ నీడలో కూర్చుని డబ్బా విప్పాడు. ఎలీషమ్మ గిన్నెలో చల్ల కలిపి తెచ్చి ఇచ్చింది. తాగి మూతి తుడుచుకుని ఆయన మళ్లీ ఆ గోడ దగ్గరికే వచ్చాడు. పని ఆగితే నిద్రపట్టని మనిషి.

"సారు పొడుగెంతుంటడమ్మా?"

"నాకంటె జానెడెక్కువ."

"ఒంగి కడుగుతడా, నిలవడి కడుగుతడా?"

"నిలవడే. మిల్లుల బస్తాలు మోసి మోసి నడుము పట్టేసింది. ఒంగడు."

"ఏ చెయ్యి?"

"రెండు చేతులతోని కొట్టుకుంటడు గని, జోరు ఎడమ చేతికే ఎక్కువ. అన్నం ఒక్కటే కుడి చేత్తోని తింటడు. నీళ్లన్ని ఎడమ దిక్కే వడ్తయి."

"మీసాలున్నయా?"

"ఉన్నయి. దుమ్మంత అండ్లనే జమైతది. ఆఖరికి పెదవులతోని బుర్రుమని ఊదుతడు సూడు, గప్పుడు చుక్కలు ఇంకా పైకి పోతయి."

చెబుతూ చెబుతూ ఆమె గడప మీద కూర్చుంది. తొమ్మిది నెలల్లో ఎంతమందో వచ్చారు, పలకరించారు. ఎన్ని గంటలకు పోయాడు, దగ్గర ఎవరున్నారు, చివరికి ఏమన్నా చెప్పాడా అని అడిగారు. ఆయన ఏ చేత్తో ముఖం కడుక్కునేవాడని అడిగినవాళ్లు లేరు. చెప్పాల్సింది లోపల ఇంత ఉందని ఆమెకే తెలియదు. సబ్బు రాస్తాడా అని మేస్త్రీ అడిగితే, రాయడని, రాస్తే కళ్లు మండుతాయని చిన్నపిల్లాడిలా గునుస్తాడని కూడా చెప్పింది. చెబుతుంటే హాయిగా ఉంది. సిద్దిరాములు అన్నీ విని తల పంకించాడు.

"నువ్వు చెప్పే లెక్కన మూడు వరుసలైతది. అయినా సారు రానీ. సూసి గీద్దాం," అన్నాడు.

ఎండ తగ్గింది. కంపెనీల బస్సులు పెద్ద రోడ్డు మీద ఆగి మనుషుల్ని దింపి పోతున్నాయి. డబ్బాలు చేత పట్టుకుని మగవాళ్లు ప్లాట్ల మధ్య దారుల్లో విడిపోతున్నారు. ఎలీషమ్మ వాకిట్లో నిలబడి వాళ్ల నడకలు చూస్తోంది. ఒక్కో మనిషి మలుపు తిరిగినప్పుడల్లా మెడ సాచుతోంది. కాసేపటికి గాని తాను నిజంగానే ఎదురుచూస్తున్నానని ఆమెకు తెలియలేదు. తెలిసి సిగ్గుపడి లోపలికి వచ్చేసింది.

సిద్దిరాములు చివరి బండ సర్ది లేచాడు. "సారు రాలే గదమ్మా. ఒక్క ఫోన్ కొట్టరాదు?"

ఎలీషమ్మ ఫోన్ తీసుకుని వంటగదిలోకి పోయింది. ఏలియా నంబరు ఇంకా ఉంది. దాన్ని తెరిచి, చూసి, మూసి, బయటికి వచ్చి, "ఎత్తుతలేడు," అంది.

"ఇట్లయితే ఎట్లమ్మా? ఎల్లుండి సంది నాకు పేట్ బషీరాబాద్‌ల పని ఉన్నది. రేపు పొద్దుగాల గీ గోడ కానిచ్చి పోవాలె. ఏదో ఒకటి చెప్పు."

చెప్పాల్సిన సమయం వచ్చేసరికి ఎలీషమ్మ బాత్రూం గోడ వంక చూసింది. మూడు వరుసలు అనడానికి నోరు రాలేదు. ఎవరి కోసం? పొద్దున గీసిన గీత గోడ మీద కనబడుతూనే ఉంది, బేసిన్ అంచును ఆనుకుని. ఇంట్లో ఉన్న ముఖం అదొక్కటే.

"ఒక్క వరుస ఏసిపో అన్నా," అంది.

సిద్దిరాములుకు ఇది నచ్చలేదు. "సారొచ్చి నన్ను తిట్టడా?"

"సారు ఎవ్వల్ని తిట్టడు."

సిద్దిరాములు తలకు చుట్టిన తువ్వాలు విప్పి దులిపాడు. ఒళ్లంతా సిమెంటు దుమ్ము. "కాళ్లు చేతులు కడుక్కొని పోత," అంటూ బాత్రూంలోకి పోయాడు. తాగి పొమ్మందామని ఎలీషమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టింది.

నీళ్లు మరుగుతున్నాయి. చాయ్‌పత్తా డబ్బా మూత బిగుసుకుపోతే పళ్లతో లాగుతోంది. అప్పుడు వినబడింది. కుళాయి పూర్తిగా తిప్పిన హోరు, దోసిలి నీళ్లు ముఖాన్ని తాకి గోడకు కొట్టుకున్న చప్పుడు. మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి, దాని వెనుక బుర్రుమని ఊదిన శబ్దం.

"ఏందయ్యా! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? మొఖం కడుగుతున్నవా, గోడకు స్నానం పోస్తున్నవా?"

కుళాయి టక్కున ఆగిపోయింది.

డబ్బా ఎలీషమ్మ చేతిలోనే ఉంది. తన గొంతు ఇంకా ఆ ఖాళీ గదుల్లో తిరుగుతున్నట్టే ఉంది. పరాయి మనిషిని మొగుణ్ణి తిట్టినట్టు తిట్టానన్న సిగ్గు కన్నా ఇంకోటి ఆమెను కోసింది. తొమ్మిది నెలలకు ఏలియా ఇంటికి వచ్చినట్టయితే, తన నోటి నుంచి మొదట వచ్చిన మాట ఇదీ. ఎలా ఉన్నావని కాదు, తిన్నావా అని కాదు.

సిద్దిరాములు ముఖమంతా నీళ్లు కారుతుండగా తలుపు దగ్గరికి వచ్చాడు. "తప్పైందమ్మా. అలవాటు. ఇంట్ల మా ఆమె గూడ గిదే మాట అంటది," అన్నాడు.

ఎలీషమ్మ పొయ్యి ఆర్పింది. నేల మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. ఎవరైనా చూస్తారని దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఆయన తువ్వాలు పిండుకుంటూ నిలబడ్డాడు.

"సారు రాడన్నా," అంది చివరికి. "పోయిన వానాకాలంల పోయిండు. ఒక్కదాన్నే ఉంట. చెప్పొద్దన్నరు, చెప్పలే."

"అయ్యో. నేను ఫోన్ గూడ కొట్టమంటి," అన్నాడు సిద్దిరాములు. గుమ్మం దగ్గరి చెప్పుల వంక చూశాడు. ఆయన ఓదార్పులు నేర్చిన మనిషి కాదు. తెలిసిందల్లా గోడలు. అందుకే మెల్లగా, ఆమెకు మేలు చేస్తున్నాననుకునే, "అయితే ఒక్క వరుసనే చాలమ్మా. సరిగ్గనే చెప్పినవ్," అన్నాడు.

ఎలీషమ్మ తలెత్తింది. అవును, చాలు. ఆమె ముఖానికి అంతే చాలు. ఒక్క వరుస వేస్తే ఈ ఇల్లు ఒక్కరి ఇల్లని గోడ మీద రాసి పెట్టినట్టే. తువ్వాలు అదిమి పట్టుకుని ఏలియా ఇక్కడ కూడా వంగి నిలబడాల్సిందే. ఆమె లేచి బాత్రూంలోకి పోయింది. గిలాబు మీద సిద్దిరాములు చిందించిన తడి అప్పటికే ఆరుతోంది. ఎండాకాలపు గోడ, తాగేస్తోంది.

"ఇంకొక్కసారి కడుగు అన్నా."

"ఎందుకమ్మా ఇగ?"

"సారు లెక్క కడుగు. నిలవడి, ఎడమ చేత్తోని."

ఇంకొకడైతే ఈమెకు మతి పోయిందనుకుని తాపీ సర్దుకుని పోయేవాడే. సిద్దిరాములు ముఖాలను నమ్మేవాడు. పోయి బేసిన్ ముందు నిలబడ్డాడు.

"ఇంకింత ఎనుకకు. నడుము వంచకు. నల్లా మొత్తం తిప్పు."

ఆయన నీళ్లు కొట్టుకున్నాడు. ఎడమచేయి అలవాటు లేక సగం చొక్కా మీద పడ్డాయి.

"గట్లగాదు, జోరుగ. కొట్టుకున్నట్టు. ఆఁ, గట్ల. ఇప్పుడు బుర్రుమను."

బుర్రుమన్నాడు. ఎలీషమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆయన చెవి మీదున్న పెన్సిల్ తానే లాక్కుని, మునివేళ్ల మీద లేచి, ఎడమవైపున అన్నిటికన్నా పైన పడ్డ చుక్క దగ్గర, ఆరిపోయేలోపు గీత గీసింది. గీత వంకరగా వచ్చింది.

సిద్దిరాములు ముఖం తుడుచుకుని ఆ గీత మీద నాలుగు వేళ్లు ఆనించి చూశాడు. "మూడు వరుసలు. పగటిపూట నేను చెప్పిందే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి మూడు వరుసలూ వేశాడు. పైవరుస కింద ఆమె గీసిన వంకర గీత టైల్ వెనక్కి పోయింది. సందులకు తెల్ల సిమెంటు పూసి, రెండు రోజులు తడి తగలనీయొద్దని చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. పోయేముందు గుమ్మం దగ్గరి చెప్పుల మీది సిమెంటు దుమ్ము తన తువ్వాలుతో తుడిచి పక్కకు పెట్టాడు.

మూడో రోజు పొద్దున ఎలీషమ్మ ఆ బేసిన్ ముందు నిలబడింది. అలవాటు కొద్దీ కుళాయి దారమంత తిప్పి, వంగి, చెంపలు తడుపుకుంది. ఒక్క చుక్క కూడా గోడకు పోలేదు. మూడు వరుసల నీలం టైల్స్ పొడిగా మెరుస్తున్నాయి. ఇంత గోడ ఆమెకు అక్కర్లేదు. రోజూ పొద్దున్నే కళ్లు తెరవగానే ఆ సంగతి కనబడుతూ ఉంటుందని ఆమెకప్పుడే అర్థమైంది.

కుళాయి పూర్తిగా తిప్పింది. దోసిలి నింపి ఎడమచేత్తో గోడ మీదికి కొట్టింది. నీళ్లు పైవరుస దాకా ఎగిసి, మెల్లగా జారి, బేసిన్‌లోకి వచ్చి పడ్డాయి. గోడకేమీ కాలేదు.

"పోస్కో ఇగ," అంది. "ఎంత పోస్కుంటవో పోస్కో. నేనేమన."

కాసేపు ఆ నీళ్ల చప్పుడు విని, కుళాయి కట్టేసి, గోడ తుడవకుండా అలాగే వదిలి, తల దువ్వుకోవడానికి గదిలోకి పోయింది.